భారజలము – ఏటియొడ్డు బడులు

ఏటూరునాగారమును దాటిన గోదావరి మంగపేట మీదుగా ఆగ్నేయముగా సాగి మణుగూరు ప్రాంతమునకు చేరునప్పటికి, ఆ నీటిలో కొంత భాగమును ఒక కర్మాగారము తోడుకొనుచున్నది. అశ్వాపురము వద్దనున్న ఆ కర్మాగారమునకు భారజల కర్మాగారమని పేరు. 1991లో అది ఉత్పత్తి ఆరంభించెను. ఏటికి 185 టన్నుల భారజలమును తీయుటకు దానిని నిర్మించిరి. మన దేశపు అణువిద్యుత్కేంద్రములలో అధికభాగము ఈ భారజలముతోనే నడచుచున్నవి. ఒకప్పుడు పరదేశములను యాచించిన ఈ వస్తువును 1990ల చివరినుండి మనమే దక్షిణ కొరియా వంటి దేశములకు అమ్ముచున్నాము. ఇంత పని మన ఏటియొడ్డున జరుగుచున్నది.

ఆ ఏటియొడ్డుననే మన బడులును ఉన్నవి. ఏటూరునాగారములోనో మంగపేటలోనో తొమ్మిదవ తరగతి విద్యార్థులను పిలిచి, ఏటి దిగువనున్న ఆ కర్మాగారములో ఏమి తయారగుచున్నదో అడిగి చూడుడు. కరెంటు అని ఒకరు, బొగ్గు అని ఒకరు, బాంబులని ఒకరు చెప్పవచ్చును. పిల్లలు ఏమి చెప్పినను తప్పు పట్టుటకు వీలులేదు. వారికి ఎవరును చెప్పలేదు. నన్ను కలతపెట్టునది వేరొకటి. డెబ్బదియేండ్లకు పైగా ప్రభుత్వము నడపుచున్న పరిశోధన యొకటి, అదే ప్రభుత్వము నడపుచున్న బడి యొకటి, రెండును ఒకే నది నీరు త్రాగుచున్నవి. కాని వాటి నడుమ కాలిబాటయైనను లేదు. ఈ బాట వేయుట ఎవరి పని యన్నదే ఇచ్చట నేను ఎత్తదలచిన ప్రశ్న.

ముందుగా ఆ పరిశోధన పుట్టుకను కొంచెము తలచుకొందము. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి సంవత్సరము, 1948లో, అణుశక్తి సంఘము ఏర్పడెను. 1954లో అణుశక్తి శాఖ ఏర్పడెను. అదే ఏట ట్రాంబేలో పరిశోధనాలయము మొదలయ్యెను. 1956 ఆగస్టు 4న 'అప్సర' యను రియాక్టరు అచ్చట పనిచేయ నారంభించెను. ఇంధనము ఇంగ్లండు దేశము నుండి వచ్చినది. కాని ఆ రియాక్టరును అదుపులో నుంచు ఎలక్ట్రానిక్ యంత్రసామగ్రి స్వదేశములోనే తయారైనది. ఆ విభాగమునకు పెద్దగా నుండి దానిని తయారుచేయించిన వారు మన అయ్యగారి సాంబశివరావుగారు. దేశమంతయు ఎ.ఎస్. రావుగా ఎరిగిన ఈయన 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిరి. అల్లూరి సీతారామరాజు పితరుల గ్రామమును అదియే. కాశీ విశ్వవిద్యాలయములో చదివి, అమెరికాలోని స్టాన్‌ఫర్డులో ఇంజనీరింగు నేర్చి, తిరిగి వచ్చి హోమీ భాభా వద్ద చేరిరి. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను వెలసినప్పుడు దానికి సారథి ఆయనయే. నేడు హైదరాబాదులో ఆయన పేర ఒక పేట యున్నది. బస్సు పలకమీద ఆ పేరు చదువువారిలో ఎందరికి ఆయన ఎవరో తెలియును?

రెండవ పేరు సూరి భగవంతముగారిది. 1909లో కృష్ణా జిల్లాలో జన్మించి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, కలకత్తాలో సి.వి. రామన్ శిష్యులైరి. కాంతికణమునకు భ్రమణము కలదని చూపిన ప్రయోగము ఆ గురుశిష్యులు కలసి చేసినది. వాల్తేరులో ఆచార్యులుగా, ఉస్మానియాలో ఉపాధ్యక్షులుగా, బెంగుళూరు విజ్ఞానశాస్త్ర సంస్థకు అధ్యక్షులుగా పనిచేసి, 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారుగా నుండిరి. క్షిపణుల పరిశోధనాలయము 1962లో ఢిల్లీ నుండి హైదరాబాదునకు తరలి వచ్చినది ఆ కాలముననే. ఒకరు అణుశాస్త్రపు ఇంట, ఒకరు ఆకాశయాన శాస్త్రపు ఇంట మూలస్తంభములుగా నిలిచిన ఈ ఇద్దరును తెలుగునేలనుండి వచ్చినవారే. వారి తరువాత ఆ బాట విశాలము కావలసినది. హైదరాబాదు చుట్టును ప్రభుత్వ పరిశోధనాలయములు పుట్టగొడుగులవలె లేచినవి. బాట మాత్రము నగరపు పొలిమేర దాటలేదు.

ఇక భారజలము మాట. నీటిలోని ఉదజనిలో, అనగా హైడ్రోజనులో, సుమారు ఆరువేల అయిదువందలకు ఒకటి చొప్పున రెండింతల బరువుగల పరమాణువున్నది. దీనిని 1931లో అమెరికా శాస్త్రజ్ఞుడు యూరీ కనుగొనెను. ఆ బరువైన ఉదజనితో ఏర్పడిన నీరే భారజలము. మామూలు నీటికంటె పదింట ఒక వంతు బరువెక్కువ. చూపునకు భేదము లేదు. గోదావరి నీరు దోసిట పట్టినచో అందులోను అది కలదు. మేడారము జాతరకు వచ్చి జంపన్నవాగులో మునుగు భక్తుల తలమీదుగా పారు నీటిలోను కలదు. ఆరున్నర వేల లీటర్ల నీటిలోనున్నదానినంతటిని పిండగలిగినచో ఒక్క లీటరు భారజలము వచ్చును. కర్మాగారములో అంతయు పిండుట సాధ్యము కాదు. సుమారు అయిదవ వంతు మాత్రమే చిక్కును. కనుక లీటరు భారజలమునకు ముప్పది వేల లీటర్లకు పైగా నీటిని లోనికి పంపవలెను. నష్టపోయిన నీరేమియు లేదు. తిరిగి ఏటికే పోవును.

ఇంత శ్రమ ఎందులకు? ప్రకృతిలో దొరకు యురేనియములో పగులు స్వభావముగల భాగము నూటికి ముప్పాతిక వంతుకు తక్కువ. దానిని శుద్ధిచేసి పాలు పెంచుకొను విద్య 1950లలో అగ్రరాజ్యముల గుప్పిటనున్నది. పాలు పెంచని యురేనియముతోనే రియాక్టరు నడపవలెనన్నచో, న్యూట్రాన్ల వేగమును తగ్గించుచు వాటిని మ్రింగివేయని పదార్థము కావలెను. మామూలు నీరు మ్రింగును. భారజలము దాదాపు మ్రింగదు. అందుచేత భాభా ప్రభృతులు ఆ మార్గమును ఎన్నుకొనిరి. కెనడా సాయముతో ట్రాంబేలో 1960లో లేచిన రెండవ పెద్ద రియాక్టరునకు భారజలము అమెరికా ఇచ్చెను. నంగల్‌లో ఎరువుల కర్మాగారమును ఆసరాచేసికొని 1962లో మన మొదటి భారజల కేంద్రము పుట్టెను. 1974లో పోఖ్రాను ప్రయోగము జరిగిన పిదప కెనడా చేయి వదలినది. ఆ దశాబ్దములో రాజస్థానపు రియాక్టరుకొరకు సోవియట్ యూనియన్ నుండి భారజలము కొనవలసి వచ్చెను. మన కర్మాగారములు ఒకదాని వెనుక ఒకటి ఆలస్యమైనవి. కోటాలో స్వదేశ విజ్ఞానముతో 1985లో ఒకటి, ఆ అనుభవముతో మణుగూరులో అంతకంటె పెద్దది 1991లో సిద్ధమైనవి. చదువరులు ఈ తేదీలను ఒక్కమారు వెనుకనుండి ముందునకు చూతురుగాక. 1956లో అప్సర, 1991లో మణుగూరు. ముప్పదియయిదేండ్లు. విజ్ఞానము ఒక తరము మోయు బరువు కాదు. రెండవ తరమువారిని బడినుండియే ఏరుకొనవలెను.

ఈ పాఠమును ఏటూరునాగారపు బడిలో చెప్పుట ఎట్లు? కొందరు ఉపాధ్యాయ మిత్రులు నవ్వుదురేమో. ప్రయోగశాలలో పగిలిన బీకరు తప్ప మరేమియు లేని చోట అణుశాస్త్రమా యని అడుగుదురు. కాని ఈ ప్రాంతపు పిల్లలకు పట్టణపు పిల్లలకు లేని ఒక పెట్టుబడి యున్నది. కోయ పల్లెలలో ఇప్పపువ్వును నానబెట్టి, పులియబెట్టి, కుండలో కాచి, పైకి వచ్చిన ఆవిరిని చల్లార్చి సారా తీయుట తరతరముల విద్య. మద్యమును బడిలో పొగడుమని నేను చెప్పుటలేదు. కాని ఆ కుండలో జరుగుచున్నదేమి? ఒకదానిలో ఒకటి కలసిపోయి కంటికి ఒక్కటిగా తోచు రెండు ద్రవములలో త్వరగా ఆవిరియగుదానిని వేడితో వేరుచేయుట. ఆల్కహాలు 78 డిగ్రీలకు మరుగును, నీరు 100 డిగ్రీలకు మరుగును. ఆ ఇరువదిరెండు డిగ్రీల ఎడమే ఆ విద్యకు ప్రాణము. తల్లి పొయ్యి ముందు కూర్చుండి మంట ఎంత యుండవలెనో, మొదటి చుక్కలు ఎట్లుండునో, కడపటివి ఏల పలుచబడునో చూచిన పిల్లకు 'అంశిక స్వేదనము' అను మాట క్రొత్తగాని సంగతి క్రొత్తది కాదు.

ఇచ్చటనే ఉపాధ్యాయుడు రెండవ ప్రశ్న వేయవలెను. భారజలము మరుగునది 101.4 డిగ్రీల వద్ద. మామూలు నీటికిని దానికిని ఎడము ఒకటిన్నర డిగ్రీయైనను లేదు. ఇప్పకుండతో దానిని తీయగలమా? తీయవచ్చును, కాని కుండమీద కుండగా వందల కుండలు పేర్చి, ఎంత కట్టె తగులబెట్టినను చాలదు. కనుక ఇంజనీర్లు వేరొక ఉపాయము పన్నిరి. హైడ్రోజన్ సల్ఫైడు అను వాయువును పెద్ద గోపురములలో క్రిందినుండి పైకి, నీటిని పైనుండి క్రిందికి పంపుదురు. రెండింటిలోను ఉదజని కలదు; రెండును తమ ఉదజనిని ఒకదానితో ఒకటి మార్చుకొనుచుండును. చల్లని చోట, సుమారు 30 డిగ్రీల వద్ద, బరువైన ఉదజనికి నీటిమీద మక్కువ. వేడి చోట, సుమారు 130 డిగ్రీల వద్ద, ఆ మక్కువ తగ్గి వాయువు వెంట పోవును. చల్లని గోపురము క్రింద వేడి గోపురమును నిలిపినచో, బరువైన ఉదజని రెండింటి నడుమ చిక్కుకొని క్రమక్రమముగా పోగుపడును. ఆ నడుమనుండి నీటిని తీసి, తరువాతి గోపురములకు పంపి, పాలు తగినంత పెరిగిన పిదప కడపట మరల మన ఇప్పకుండ విద్యనే, అనగా స్వేదనమునే, శూన్యమునకు దగ్గరగా ఒత్తిడి తగ్గించి ప్రయోగింతురు. అంత్యమున నూటికి 99.8 వంతుల స్వచ్ఛతగల భారజలము దిగును. పులిసిన పువ్వు కుండకు, ఆకసమునంటు ఆ గోపురమునకు చుట్టరికము దూరమైనదే కాని లేకపోలేదు.

పిల్లలు ఈ పాఠమును వినవలసిన కారణము జ్ఞానము మాత్రమే కాదు, ప్రాణరక్షణము కూడ. హైడ్రోజన్ సల్ఫైడు కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన కొట్టు విషవాయువు. దానిలోని అసలు మోసము వేరు. కొంచెముగా నున్నప్పుడు ముక్కు పసిగట్టును; ఎక్కువైనప్పుడు వాసన తెలిసికొను శక్తినే అది చంపివేయును. వాసన పోయినది, ఇక భయము లేదని మనిషి అనుకొనును. గాలికంటె బరువైనదగుటచే పల్లమున నిలుచును. కనుక గాలివాలు చూచి అడ్డముగా మెరకకు పోవలెను. కర్మాగారమువారు జాగ్రత్తలు తీసికొనుచుందురు, కసరత్తులు జరుపుదురు. ఐనను ఆ చుట్టుప్రక్కల బడిపిల్లలందరికి ఈ నాలుగు మాటలు రసాయన శాస్త్రముగా తెలిసియుండుట కంటె మంచి రక్షణ యేమున్నది? మరియొక సంగతి. భారజలమే కిరణములు వెదజల్లునని పల్లెలలో పుకారు పుట్టుట సహజము. అది నిజము కాదు. ఆ బరువైన ఉదజని స్థిరమైనది. రియాక్టరులో చాలకాలము వాడిన పిదప దానిలో ట్రిటియము పుట్టును, అది కిరణప్రసారముగలది. కాని ఆ పని జరుగునది రియాక్టరున్న చోట, మణుగూరులో కాదు. భయపడవలసినదానికి భయపడక, అక్కరలేనిదానికి భయపడుటయే అజ్ఞానమునకు మనము చెల్లించు సుంకము.

ఇంత సులువైన సంగతి డెబ్బదియేండ్లుగా బడికి ఎందుకు చేరలేదు? ఒక కారణము రహస్యము. 1948లో అణుశక్తి బిల్లు రాజ్యాంగసభలో చర్చకు వచ్చినప్పుడు, మైసూరుకు చెందిన ఎస్.వి. కృష్ణమూర్తిరావుగారు ఇంగ్లండు, అమెరికా చట్టములను దగ్గర పెట్టుకొని, మన బిల్లులోని గోప్యత ఆ దేశములకంటె ఎక్కువగా నున్నదే యని నిలదీసిరి. ఇంగ్లండులో గోప్యత రక్షణ ప్రయోజనములకు పరిమితము గదా, శాంతి ప్రయోజనములకు మనకు ఇదియేల యన్నది ఆయన ప్రశ్న. ఆ రెంటిని ఎట్లు విడదీయవలెనో తనకు తెలియదని నెహ్రూగారు నిజాయితీగానే ఒప్పుకొనిరి. 1962లో వచ్చిన చట్టము కూడ సమాచారముపై కఠినమైన ఆంక్షలు పెట్టెను. కర్మాగారపు గోడకు కాపలా యుండవలెననుటను నేను కాదనను. ఏ గోపురములో ఎంత ఒత్తిడియో, ఏ లోహముతో చేసిరో దాచినను దాచవచ్చును. కాని నీటిలో బరువైన ఉదజని యున్నదనుట, అది చల్లదనమున నీటివైపును వేడిమిని వాయువువైపును మొగ్గుననుట ప్రకృతి ధర్మములు. ప్రకృతికి రహస్య చట్టము వర్తించదు. గోడను కాపాడుట యను అలవాటు క్రమముగా గోడ బయటనున్న పాఠమును కూడ కప్పివేసినది.

అమెరికావారి కథ యొకటి ఇక్కడ చెప్పవలెను. వారు 1946 నుండి అణుశక్తితో ఎగురు విమానమును నిర్మింపజూచిరి. పెట్రోలు పోయించుకొనుటకు నేలకు దిగక, రోజుల తరబడి ఆకాశములో తిరుగవలెనని కోరిక. 1955, 1957ల నడుమ ఒక పెద్ద బాంబరు విమానములో ఒక మెగావాటు శక్తిగల రియాక్టరును పెట్టి 47 మార్లు ఎగురవేసిరి. చిత్రమేమన, మన అప్సర శక్తియు ఒక మెగావాటే; కాలమును అదే. ఆ రియాక్టరు విమానమును నడపలేదు. కిరణములనుండి మనుషులను ఎట్లు కాపాడవలెనో పరీక్షించుటకే దానిని మోసికొనిపోయిరి. పైలట్లను సీసము, రబ్బరు తొడిగిన గదిలో కూర్చుండబెట్టిరి. చిక్కంతయు అచ్చటనే. మనుషులకు సరిపడు కవచము పెట్టినచో విమానము లేవదు. విమానము లేచు కవచము పెట్టినచో మనుషులు బ్రదుకరు. వంద కోట్ల డాలర్లకు పైగా వ్యయమైన పిదప 1961లో కెన్నెడీ ఆ ప్రయత్నమును ఆపివేసెను. ఆ వైఫల్యమును వారు కాలక్రమమున పుస్తకములలో వ్రాసికొనిరి, విద్యార్థులకు బోధించిరి. ఆ ప్రయత్నములోనే 1954లో ఓక్‌రిడ్జిలో నడచిన చిన్న ప్రయోగమునుండి కరిగిన లవణములతో నడచు రియాక్టరు అను భావము పుట్టి, నేటికిని పరిశోధకులను ఆకర్షించుచున్నది. ఓటమి కూడ పాఠమైన చోట సొమ్ము పూర్తిగా వ్యర్థము కాలేదు.

మనకును అట్టి కథలున్నవి. 1961 జూన్ 17న బెంగుళూరులో ఎగిరిన 'మరుత్' యుద్ధవిమానము దేశపు గర్వము. జర్మనీకి చెందిన కుర్ట్ టాంక్ దాని రూపశిల్పి. శరీరము చక్కనిది, దానికి తగిన ఇంజను మాత్రము చివరివరకు దొరకలేదు. రెక్క మనది, గుండె మనది కాదు. ఈ కథను ఏ ఎనిమిదవ తరగతి వాచకములో చదువుచున్నాము? విజయములను మాత్రము పోటీ పరీక్షల ప్రశ్నలుగా మార్చి, సంవత్సరమును పేరును వల్లె వేయించుచున్నాము. ఇంజను చేయుట ఏల కష్టమో తెలిసిన పిల్లవాడు రేపు ఇంజను చేయదలచును. తేదీ మాత్రమే తెలిసినవాడు ఉద్యోగపు పరీక్ష వ్రాయును.

ఇక భాష. తెలుగులో అణుశాస్త్రము చెప్పుటకు మాటలు లేవనుట సోమరితనము. 1906లోనే వెలసిన కొమర్రాజు లక్ష్మణరావుగారి విజ్ఞానచంద్రికా మండలి తెలుగున శాస్త్రగ్రంథములు వెలువరించెను. 1968లో తెలుగు అకాడమీ వెలసి పరిభాషను కూర్చినది. లోపము వేరొక చోట నున్నది. వాచకములలో 'అణువు' అనగా మాలిక్యూలు, 'పరమాణువు' అనగా ఆటము. పత్రికలలో 'అణుబాంబు', 'అణుశక్తి'; అవి నిజమునకు పరమాణువు నడుమనున్న కేంద్రకమునకు సంబంధించినవి. ఉదయము పత్రిక చదివి మధ్యాహ్నము వాచకము తెరచిన పిల్లవాడు తికమకపడడా? వాడుకలో స్థిరపడిన మాటను నేను మార్చుమనను. ఈ వ్యాసములో నేనును 'అణుశక్తి' యనియే వ్రాసితిని. కాని ఈ తేడాను తరగతిలో అయిదు నిమిషములు విప్పి చెప్పినచో చాలును.

ఏటూరునాగారపు బడిలో మరియొక మెట్టు కూడ నున్నది. అక్కడి పిల్లలలో అనేకులకు ఇంటి భాష కోయ. తెలుగే వారికి బడిలో నేర్చిన భాష. కోయలో నీటికి 'ఏర్' అని పేరు. మన 'ఏరు' దానికి తోబుట్టువు. ఒకే మాట అక్కడ నీరైనది, ఇక్కడ నది యైనది. భారజల పాఠమును ఆ మాటతో మొదలుపెట్టిన ఉపాధ్యాయుడు సగము దూరము నడచినట్లే. ఈ జిల్లాలోనే వెనుకటి తరము నిజాము కాలమున ఉర్దూలో చదివినది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయము వైద్యము, ఇంజనీరింగు సహితము ఉర్దూలో బోధించి చూపెను; అందుకొరకు అనువాదశాలనే నిలిపెను. అది తెలుగువాని ఇంటి భాష కాకపోవుట నిజమే. కాని దేశభాషలో ఉన్నత విజ్ఞానము సాధ్యమా యన్న ప్రశ్నకు మాత్రము ఈ నేలమీదనే ఒకమారు సమాధానము వచ్చియున్నది.

పిల్లలకు ముందు చదువను వ్రాయను రానిండు, తరువాత అణుశాస్త్రము చూతమని అనువారున్నారు. వారిది చెడ్డ తలంపు కాదు. ఏకోపాధ్యాయ పాఠశాల నడపువారి కష్టము నేనెరుగుదును. కాని 'తరువాత' యను మాట అడవి బిడ్డల విషయములో ఎంత దీర్ఘమైనదో వారికిని తెలియును. 1950ల తొలినాళ్ళలో ఏటూరునాగారపు అడవిని ప్రభుత్వము అభయారణ్యము చేసినప్పుడు తరువాత యనలేదు. 1970ల ఆరంభమున శ్రీహరికోటలో రాకెట్టు కేంద్రము కట్టినప్పుడు, ఆ దీవిలోని యానాదులను తరువాత కదలుమనలేదు; 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్టు ఎగిరినది. దేశమునకు కావలసినప్పుడు అడవియు, దీవియు, ఏటి నీరును వెంటనే కావలసివచ్చినవి. ఆ దేశపు విజ్ఞానములో భాగము మాత్రము ఆ బిడ్డలకు తరువాతనా?

కర్మాగారమువారు చేయవలసినది గొప్పది కాదు. ఏడాదికి కొన్ని దినములు చుట్టుప్రక్కల ఉన్నత పాఠశాలల విద్యార్థులను, వారి ఉపాధ్యాయులను లోనికి రానిచ్చి, చూపదగినంత చూపి, తెలుగులో చెప్పగల ఇంజనీరును వారి ముందు నిలుపుట. రానిచ్చుట వీలుకానిచో ఆ ఇంజనీరే బడికి వచ్చుట. నాలుగు పుటల చిన్న పుస్తకము తెలుగులో, వీలైనచో కోయ మాటలతో కూడ, అచ్చువేయుట. ఉపాధ్యాయులు చేయవలసినది ఉత్తరము వ్రాయుట. పైనుండి ఉత్తరువు వచ్చువరకు ఆగుట మన వృత్తికి పట్టిన పాత జబ్బు; అడిగినవానికి లేదనువారు కొందరుందురు, అడుగనివానికి ఇచ్చువారు ఒకరును ఉండరు. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమునకు 2023లో పార్లమెంటు చట్టము చేసినది. అందులో రేపు భౌతిక రసాయన శాఖలు నిండవలెనన్న, విద్యార్థులు ఈ బడులనుండియే కదా రావలసినది!

ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 28ని, రామన్ తన ఫలితమును కనుగొన్న దినమని, జాతీయ విజ్ఞాన దినముగా జరుపుచున్నాము. చాల బడులలో ఆ దినమున అగ్నిపర్వతపు నమూనాలో సోడా పొంగును, ఒక ఉపన్యాసము సాగును, మిఠాయి పంచుదురు. భగవంతముగారు ఆ రామన్ శిష్యులే. వచ్చు ఫిబ్రవరిలో ఏటూరునాగారపు ఉపాధ్యాయులెవరైనను గోదావరినుండి ఒక బిందెడు నీరు తెప్పించి బల్లమీద నుంచి, ఇందులో భారజలమెంత యున్నదో లెక్కకట్టుమని పిల్లలను అడుగవచ్చును. పదునైదు లీటర్ల బిందెలో లెక్క సుమారు రెండు మిల్లీలీటర్ల పైచిలుకు వచ్చును, అనగా అర చెంచాకు కొంచెము తక్కువ. లెక్క ముగిసిన పిదప పిల్లలు ఎట్లును అడుగుదురు, దానిని బయటికి తీయుట ఎట్లని. అప్పుడు బస్సెక్కి ఏటి వెంబడి దిగువకు పోవలెను.